ద్వి – దువ: సాదృశ్యమును బంధుత్వమును

సంస్కృతమున రెండను సంఖ్యకు పుంలింగమున ద్వౌ అనియు, స్త్రీనపుంసకములందు ద్వే అనియు రూపములు. ఐరోపాఖండపు పశ్చిమాంచలమున, అట్లాంటికు సముద్రపు టొడ్డున మిగిలియున్న కెల్టిక భాషలలో నీ సంఖ్యకు ప్రాచీన ఐరిషున దా, దీ అనియు, వెల్షున దై, దుయ్ అనియు, బ్రెటనున దౌ, దివ్ అనియు రూపములు గలవు. ప్రతి జంటలోను మొదటిది పుంలింగము, రెండవది స్త్రీలింగము. ఇక హిందూమహాసముద్రమునకు తూర్పున సుమత్రాయందును, మలయా ద్వీపకల్పమునందును, బోర్నియో తీరములందును వ్యాపించిన మలయ్ శాఖలో నీ సంఖ్యకు దువ యని పేరు. (ఇచట మలయ్ అనగా కేరళదేశపు మలయాళము గాదు, ఆ రెంటికి పేరులోని పోలికయే గాని చుట్టరికము లేదు.) బోర్నియోలోని ఇబాను భాషయందును, బంజార్ భాషయందును దువయే. సుమత్రా పశ్చిమభాగమున మాటాడు మినంగ్‌కబావు భాషలో నది దువో అగుచున్నది. లాటినున రెండునకు పేరు సరిగా దువో!

ఈ రూపముల నన్నిటిని ఒక పంక్తిని వ్రాసి చూచిన వానికి ఇవి యొక్క తల్లి బిడ్డలే యని తోచుట సహజము. అందును దకారమునకు పిమ్మట ఉకారమో వకారమో, దాని మీద నొక స్వరము. అర్థము నించుకంతయు మారలేదు. ఇంతకంటె సాక్ష్యమేమి కావలయునని యడుగువారుందురు. కాని యీ పంక్తిలో కెల్టిక రూపములు ద్విశబ్దమునకు నిజముగా జ్ఞాతులు. మలయ్ రూపము ఏమియు గాదు. కంటికి దగ్గరగా నున్నది దూరమగుటయు, ఒకానొకచో దూరముగా నున్నదే దగ్గరయగుటయు నెట్లో విచారించుటయే యిచటి పని.

ఈ విచారణకు చరిత్ర కలదు. 1786లో కలకత్తానగరమున సర్ విలియం జోన్సు సంస్కృత, గ్రీకు, లాటిను భాషల కేకమూలము నూహించినపుడు, గాథిక కెల్టిక భాషలును అట్టివే యై యుండవచ్చునని సూచించెను. ఆయన తండ్రి వేల్సుదేశమున పుట్టినవాడు. అయినను ఆ సూచనను నిరూపించు పనికి జోన్సు పూనుకొనలేదు. కెల్టిక భాషలలో పదాద్యక్షరములు సందర్భమును బట్టి మారిపోవుచుండుటచే, వీనిని సంస్కృతకుటుంబమున చేర్చుటకు పలువురు సందేహించిరి. 1831లో ప్రిచర్డు, 1837లో పిక్టెటు ఆ బంధుత్వమును సమర్థించుచు గ్రంథములు ప్రకటించిరి. వారి వెనుక జర్మను పండితుడు ఫ్రాంజ్ బాప్ 1839లో కెల్టిక భాషలను గూర్చి ప్రకటించిన వ్యాసమున ఆ యక్షరమార్పులకు కారణమును బయటపెట్టెను: పూర్వపదాంతమున నొకప్పుడుండి లోపించిన వర్ణములే యుత్తరపదాదిని మార్చినవి. సందేహమునకు మూలమైనదే బంధుత్వమునకు సాక్ష్యమైనది. 1853లో ట్సొయిస్సు కెల్టిక వ్యాకరణము వెలువడిన తరువాత నీ విషయమున వివాదము లేదు.

ఆ బాప్ పండితుడే 1841లో మఱియొక గ్రంథము ప్రకటించెను. మలయ్ భాషలును, పసిఫికు ద్వీపములలోని పోలినీసియా భాషలును సంస్కృతము శిథిలమైపోగా మిగిలిన శకలములని యందలి ప్రతిపాదన. రెండేండ్ల యెడములో నొకే పండితుడు, ఒకే పరిశ్రమతో చేసిన రెండు నిర్ణయములలో మొదటిది నిలిచినది, రెండవది కూలినది. బాప్ సామాన్యుడు కాడు; 1816లోనే క్రియారూపములను పోల్చి తులనాత్మక వ్యాకరణమునకు పునాది వైచినవాడు. అట్టివాడెచట తప్పెనో తెలిసికొనుట మనబోటి వారికి మిక్కిలి యుపయోగము.

మొదట కెల్టిక పక్షమును చూతము. వెల్షున పుంలింగ రూపమును ద, అ, ఉ అను మూడు వర్ణములతో వ్రాసి దాదాపుగా దై యని పలుకుదురు, స్త్రీలింగము దుయ్. ఇంగ్లీషున ఈ సంఖ్యకు లింగభేదము నశించినది. కెల్టికమున నిలిచినది. ఇది యొక్క రెండింటితో పోలేదు. సంస్కృతమున మూడునకు స్త్రీలింగమున తిస్రః అనియు, నాలుగునకు చతస్రః అనియు విలక్షణరూపములు గలవు. త్రయః, చత్వారః అను పుంలింగరూపముల నుండి యివి యెట్లు వచ్చెనో పాణినీయమున ఆదేశవిధి చేతనే చెప్పవలసి వచ్చెను గాని సామాన్యసూత్రములకు లొంగవు. ప్రాచీన ఐరిషున మూడునకు పుంలింగము త్రీ, స్త్రీలింగము తేయోర్. నాలుగునకు పుంలింగము కెథైర్, స్త్రీలింగము కెథేయోర్. వెల్షున త్రీ, తైర్, పెద్వర్, పెదైర్. తిస్రః, చతస్రః అను రూపములలోని ఆ చిత్రమైన రేఫమే యిక్కడను వినబడుచున్నది. నియమమును ఎరువు దెచ్చుకొనవచ్చును. మాటను ఎరువు దెచ్చుకొనవచ్చును. ఇట్టి వంకరను మాత్రము ఎవ్వరును ఎరువు దెచ్చుకొనరు. అది పుట్టుకతో వచ్చిన మచ్చవంటిది.

ద్వివచనము సంగతియు నట్టిదే. ప్రాచీన ఐరిషున ఫెర్ అనగా పురుషుడు. ఇది సంస్కృతపు వీరశబ్దమునకు సజాతీయము. బహువచనమున ఫిర్ అగును. కాని ఇద్దరు పురుషులనవలసి వచ్చిన దా ఫెర్ అందురు, దా ఫిర్ అనరు. అది ద్వౌ వీరౌ అను ప్రయోగమునకు నేరుగా సరియగు ద్వివచనరూపము. తుది స్వరము లోపించుటచే చూపునకు ఏకవచనమువలె నున్నది. నేటి ఐరిషు బాలుడు రెంటి తరువాత నామమును ఏకవచనమున నుంచుట వింతగా తోచును గాని, వాడు తెలియకయే ద్వివచనమును పలుకుచున్నాడు. మనకు సంస్కృతవ్యాకరణమున మాత్రమే కనబడు నొక విభాగము సముద్రముల కావల పల్లెటూళ్ల నోళ్లలో శేషించియున్నది.

వర్ణపరిణామములు చూచినను నిట్లే. వీర–ఫెర్ అనుచోట వకారమునకు ఐరిషున ఫకారము వచ్చెను. విధవా అనుటకు ఫెద్వ్, వింశతి యనుటకు ఫిఖె. కెల్టికమున పదాది పకారము లోపించును: పితృశబ్దమునకు ఐరిషు అథైర్, పూర్ణశబ్దమునకు లాన్. ప్తకారమునకు ఐరిషున ఖ్తకారమగును: సప్త అనుటకు షెఖ్త్, నప్తీ అనుటకు నెఖ్త్. వెల్షున తొమ్మిది నౌ, పది దేగ్. నవ, దశ శబ్దములను దలపించుటకు పండితుని సాయమక్కరలేదు. ఐరిషున కకారమున్నచోట వెల్షున పకారముండుట మఱియొక నియమము: కెథైర్ – పెద్వర్, కోయిగ్ – పింప్, మొదటి జంట చతుర్ శబ్దమునకును, రెండవది పంచశబ్దమునకును సజాతీయములు. ఇట్లు ఒక్కొక్క నియమమునకు పలుమాటలు సాక్ష్యమిచ్చుచున్నవి. దా అను మాట ఒంటరిగా వచ్చి బంధుత్వమును కోరలేదు. తన యింటివారి నందరిని వెంటబెట్టుకొని వచ్చినది.

ఇక నా యక్షరమార్పు. వెల్షున కుక్కకు కీ, పిల్లికి కాథ్ అని పేర్లు. రెండు కుక్కలనిన దై గీ. రెండు పిల్లులనిన దుయ్ గాథ్. ఈ సంఖ్యావాచకములు పూర్వము స్వరాంతములగుటచే వాని తరువాతి కకారము గకారమైనది. ఇట్లే పకారము బకారమును, తకారము దకారమును అగును. తెలుగువ్యాకరణము చదివినవారికి సరళాదేశము జ్ఞప్తికి రాకమానదు. ద్రుతప్రకృతికముల మీది పరుషములు సరళములగుటయు, వెల్షున సంఖ్య మీది పరుషములు సరళములగుటయు కంటి కొక్కటే. అంతమాత్రమున వేల్సువారు మనకు దాయాదులని వాదింపబూనినవాడు బాప్ రెండవ గ్రంథములోని పొరపాటునే చిన్న యెత్తున చేసినవాడగును. రెండు గమనాగమన ధ్వనుల నడుమ పరుషము మెత్తబడుట మనుష్యకంఠమునకు సహజము, ఎచ్చటనైన జరుగవచ్చును.

ఇప్పుడు మలయ్ పక్షము. బాప్ భ్రమపడుటకు కారణము లేకపోలేదు. మలయ్ భాష సంస్కృతపదములతో నిండియున్నది. అందు భాషకే బహస యని పేరు. దేశము నెగర, మనుష్యుడు మనుసియ, భర్త సుఅమి, భార్య ఇస్త్రి, ముఖము ముక, తల కెపల. ఈ కడపటిది కపాలశబ్దమే. పెద్దసంఖ్యలును సంస్కృతము నుండియే పోయినవి, దారిలో విలువలు మారినవి: మనకు నూరువేలగు లక్ష అచట లక్స యై పదివేలగుచున్నది, కోటి కెతి యై నూరువేలగుచున్నది, పదివేలగు అయుతము జుత యై పదిలక్షలగుచున్నది. ఇన్ని సంఖ్యలు పోయినచో రెండు మాత్రమేల పోలేదని బాప్‌తో పాటు ఎవరైన నడుగవచ్చును.

సుమత్రాలో పాలెంబాంగు దగ్గర కెడుకన్ బుకిత్ అనుచోట 1920లో దొరికిన శిలాశాసనము మలయ్ భాషలో తేదీగల శాసనములలో మొట్టమొదటిది, క్రీ.శ. 682–683 ప్రాంతపుది. లిపి దక్షిణదేశపు పల్లవలిపి. శ్రీవిజయపు దండయాత్రను చెప్పు నొక్క వాక్యములోనే దువ శబ్దము మూడుమార్లు వచ్చినది: సైన్యమునకు దువలక్ష, దానితోడి రెండవ లెక్కకు దువరాతుస్ అనగా రెండువందలు, నేలత్రోవను నడచినవారి లెక్కలో పులు దువ అనగా పండ్రెండు. సైన్యమునకు వల యని వాడిరి; అది బలశబ్దమే. లక్ష సంస్కృతము, వల సంస్కృతము, వాని నడుమ దువ. నేటి మలయ్ లక్స విలువను బట్టి పండితులు దానిని ఇరువదివేల దండుగా వ్యాఖ్యానించిరి. ఒకే సమాసమున నింటిమాటయు, ఎరువుమాటయు నతుకుకొని కూర్చున్నవి. అదే శాసనమున మూడునకు త్లు అని యున్నది. నేటి మలయ్‌న తిగ. అనగా నింటిమాటలును కాలక్రమమున మారుచునే యున్నవి.

తెలుగువారి కిట్టి చిక్కు క్రొత్త కాదు. మనకును రెండు, ఇరువురు, ఇమ్మడి యను దేశ్యములు నొకవంకను, ద్విపద, ద్విజుడు, ద్వితీయ యను తత్సమములు వేఱొకవంకను గలవు. అదృష్టవశమున మన రెంటికి ద్వితో పోలిక లేదు. కావున కన్నడపు ఎరడును, తమిళపు ఇరండును దాని తోబుట్టువులని తెలిసికొనుట సుకరమైనది. బాప్ మొదటి గ్రంథము వెలువడిన 1816లోనే చెన్నపురిలో ఎల్లిసు దొర, కాంబెలు రచించిన తెలుగువ్యాకరణమునకు వ్రాసిన పీఠికాప్రాయమగు వ్యాఖ్యలో, తెలుగు ధాతువులను తమిళ కన్నడ ధాతువులతో సరిచూచి, తెలుగు సంస్కృతజన్యము కాదని నిరూపించెను. మామిడి వెంకయ్య తన ఆంధ్రదీపికలో జూపిన తత్సమ తద్భవ దేశ్య విభాగము ఎల్లిసునకు తోడ్పడెను. మలయ్ భాషకు మామిడి వెంకయ్యవంటివాడు బాప్‌నకు దొరకలేదు. దేశ్యమును తత్సమమును వేఱుచేయు జల్లెడ లేక, పోలిక గల దేశ్యము తద్భవములలో పడిపోయినది.

ఆ జల్లెడ యెచట దొరకును? సంస్కృతసంపర్కము సోకని చోట. మలయ్ భాష యొంటరిది కాదు. పశ్చిమమున మడగాస్కరు మొదలు తూర్పున ఈస్టరుద్వీపము వఱకు వ్యాపించిన వేయికి పైబడిన భాషల కుటుంబములో నది యొకటి; దీనిని నేడు ఆస్ట్రోనీసియా కుటుంబమందురు. రెండునకు మడగాస్కరున రుఅ, ఫిజీలో రువ, న్యూజీలండు మావొరీలో రువ, హవాయిలో లువ. దకారమునకు రేఫమును లకారమును వచ్చుట యీ యొక్క మాటయందే కాదు. ఆకునకు మలయ్‌న దావున్, మడగాస్కరున రవిన, మావొరీలో రౌ, హవాయిలో లౌ. మలయ్‌న దనౌ అనగా చెఱువు. మడగాస్కరున రను అనగా నీరు. నెత్తురునకు మలయ్‌న దారహ్, మడగాస్కరున రా. దువకు దన యింటివారున్నారు. వారు సంస్కృతపు వైపు వారు గారు. హవాయివారికిని మావొరీలకును సంస్కృతవిద్వాంసుడెవ్వడు నేర్పవచ్చెను?

ఈ కుటుంబమునకు పుట్టినిల్లు తైవాను ద్వీపమని నేటి పండితుల యభిప్రాయము. అచటి పర్వతములలో నేటికిని కొన్ని దేశ్యభాషలు నిలిచియున్నవి. అందు పైవాను భాషలో రెండునకు దుస. బునూను భాషలోను దుస. నడుమ సకారమును చూడుడు. ఫిలిప్పీనులలోని సెబు ద్వీపపు భాషలో దుహ. మలయ్‌న దువ. సకారము హకారమై, హకారము లోపించినది. మలయ్ మాటలో వినబడు వకారము ఉకార అకారముల నడుమ నాలుక జారుటచే పుట్టిన యాగమమే గాని మూలమున లేదు. సకారము హకారమగుట మన పండితులకు తెలియని దారి గాదు. సప్త పారసీకమున హఫ్త్ అగుట చూచినదే. పైవానున సపుయ్ అనగా నిప్పు, మలయ్‌న అపి. పైవానున సెపచ్ అనగా నాలుగు, మలయ్‌న ఎంపత్. మూడు మాటలలోను తైవానున సకారము, మలయ్‌న శూన్యము.

దువ శబ్దము ద్వి నుండి వచ్చినదైన, తైవాను కొండవారు ద్వికారపు కడుపులో లేని సకారము నెచటినుండి తెచ్చిరి? బాప్ చూచిన కాలమున తైవాను భాషల సామగ్రి చాలినంత లేదు, అదియతని యదృష్టహీనత. డెంప్‌వోల్ఫు 1934–38లలో మూలభాషను పునర్నిర్మించునపుడును ఆ సకారమును చేర్చలేదు. అది తరువాతివారి పని.

ఇట నొక యాక్షేపము రావచ్చును. సంస్కృతము నుండి కాకున్నను, సంస్కృతమునకును మలయ్‌నకును గూడ మూలమైన మఱియొక పురాతనభాష నుండి యీ మాట వచ్చి యుండరాదా యని. దీనికి బదులు రూపములే చెప్పుచున్నవి. ద్వౌ, దా, దై, లాటిను దువో — వీనిని వెనుకకు నడపినకొలది యొకదానికొకటి దగ్గరకు వచ్చి, దకార వకారముల సంయోగమున కలిసిపోవును. దువ, దుహ, రువ, లువలను వెనుకకు నడపిన అవియును దగ్గరకు వచ్చి దుస యందు కలియును. కాని యీ రెండు మూలములను ప్రక్కప్రక్కన నిలిపిన, అవి నేటి దువ–ద్వౌలకంటె దూరముగా నున్నవి! నిజమైన జ్ఞాతులు పూర్వమునకు పోయినకొలది చేరువగుదురు. వీరు పోయినకొలది దూరమగుచున్నారు.

దీనికి విపర్యయముగా ఆర్మీనియా భాషను చూడదగును. అచట రెండునకు ఎర్కు. ద్వితో నీ మాటకు పోలిక యేమియు లేదు; దకారము లేదు, వకారము లేదు. అయినను అది ద్విశబ్దమునకు సాక్షాత్తు సోదరి. మూలభాషలోని ద్వకారము ఆర్మీనియాలో ఎర్క అగునని ఫ్రెంచి పండితుడు మెయ్యె చూపెను. ఎర్కర్ అనగా దీర్ఘమైనది. గ్రీకున దానికి సజాతీయము దేరోస్. దీర్ఘవిచారణ చేసినవాడు ఎర్కును చుట్టమనును, దువను పొరుగనును. తొందరపడువాడు తారుమారు చేయును.

మినంగ్‌కబావున దువో సంగతి యింకను చెప్పవలసియున్నది. లాటినుతో నక్షరమక్షరము సరిపోవు నీ మాట కారణము కడు సామాన్యము. మలయ్‌న తుది అకారము మినంగ్‌కబావున ఓకారమగును: మాత అనగా కన్ను, మాతో, లిమ అనగా అయిదు, లిమో, అప అనగా ఏమి, అపో, తిగ అనగా మూడు, తిగో. దువయు దువో యైనది. తక్కిన మాటలకు లాటినున దీటులు లేవు. పారసీకపు బద్ శబ్దమునకును ఇంగ్లీషు బ్యాడ్ శబ్దమునకును పోలికయు అర్థైక్యమును ఉన్నను ఆ రెంటికి సంబంధము లేదని తెలియని విద్యార్థి నవ్వుకొనునట్టిదే యిదియు.

ఇట్టి యాకస్మికసామ్యములకు బర శబ్దమొక చక్కని యుదాహరణము. వెల్షునను బ్రెటనునను బర యనగా రొట్టె. మలయ్‌న బర యనగా నిప్పుకణిక. రొట్టె నిప్పుల మీద కాలును గావున రెండును నొకటే యని ఒక నిమేషములో చెప్పవచ్చును. కాని వెల్షు బర ప్రాచీన ఐరిషున బైర్గెన్ అను రూపముతో, అనగా నింకను గకార నకారముల తోకతో కనబడును. మలయ్ బర ఫిలిప్పీను తగలొగ్‌న బగ యగును. మలయ్ రేఫమునకు తగలొగ్ గకారము దీటగుట నియమము. ఒక్క తరము వెనుకకు పోగానే రెండు బరలును విడిపోయినవి. దువకు ద్వికి వేల సంవత్సరములు వెనుకకు పోవలసి వచ్చెను, వీనికి నొక్క యడుగు చాలెను; భేదమంతమాత్రమే.

రూపమును విడిచి యర్థమునకు వచ్చిన, ఈ మాట కొన్ని మనోహరమైన దారులు త్రొక్కినది. తెలుగున రెండు గుఱ్ఱములు, ఇద్దరు మనుష్యులు అని మనుష్యులకు వేఱుమాట గలదు. ఐరిషునను నిట్లే మనుష్యులకు దా వాడక బెర్త్ అను వేఱుమాట వాడుదురు. మలయ్‌న నొక్క దువయే యైనను, మనుష్యులకు దువ ఓరంగ్, జంతువులకు దువ ఏకోర్ అనగా రెండు తోకలు, వస్తువులకు దువ బువహ్ అనగా రెండు పండ్లు అని నడుమ నొక గణకపదము చేర్తురు. ఎనిమిదికి మలయ్‌న దెలపన్. పదినుండి తీసిన రెండని దాని వ్యుత్పత్తి. తొమ్మిదికి సెంబిలన్, అది పదినుండి తీసిన ఒకటి. ఏకోనవింశతి యనుట నెఱిగిన మనకిది వింత గాదు. వెల్షున పదునెనిమిదికి రెండు తొమ్ములు, నలువదికి రెండిరువదులు. సంస్కృతమున అష్టాదశ యనుచో, లాటినున ఇరువదికి రెండు తక్కువ యనుచో, నొక్క కుటుంబములోనే లెక్కదారులు మూడుగా చీలినవి.

గర్భవతిని మలయ్‌న బెర్బదన్ దువ యందురు, రెండు దేహములు గలది యని. మన సుశ్రుతుడు రెండు హృదయములు గలదగుటచే దౌహృదిని యనెను. తెలుగింటి ముత్తైదువ వట్టి మనిషి కాదు అని చెప్పును. మలయ్‌న మెందువ హాతి యనగా మనసు రెండగుట, నిశ్చయము లేకుండుట; వెల్షువాడు రెండు తలంపుల నడుమ నున్నానును, ఐరిషువాడు రెండాలోచనల నడుమ నున్నానును. లాటినున సందేహమునకు పేరైన దుబియుం దువో నుండి పుట్టినది. అమరము ద్వాపరశబ్దమును సందేహపర్యాయముగా చెప్పుట పాఠశాల పండితు లెఱిగినదే. ఇందు భాషాబంధుత్వమును వెదకుట వ్యర్థము. రెండు త్రోవల నడుమ నిలిచినవాడు సుమత్రాలోనైనను, వేల్సులోనైనను ఒక్కరీతిగానే నిలుచును.

మలయ్ వ్రాతలో నీ సంఖ్యకు మఱియొక యుద్యోగము కూడ నుండెడిది. ఆ భాషలో బహుత్వమును నామమును ద్విరుక్తము చేసి తెలుపుదురు: అనక్ అనగా బిడ్డ, అనక్-అనక్ అనగా బిడ్డలు. రెండుమార్లు వ్రాయుటకు బదులు మాట కొసను 2 అను అంకెను వైచుట అరబీలిపిలోను రోమనులిపిలోను చిరకాలము వాడుకయై యుండెను. 1972లో ఇండొనేసియా, మలేసియాలు వర్ణక్రమమును సంస్కరించునపుడు దానిని మానుపజేసినవి. ద్వివచనము నెన్నడు నెఱుగని భాష రెండవ యంకెనే బహువచన చిహ్నముగా నుంచుకొన్నది. ద్వివచనము గల ఐరిషు, ఆ ద్వివచనమును ఏకవచనపు ముసుగున దాచికొన్నది.

సంస్కృతపు ద్వి మలయ్ లోకమునకు పోలేదా? పోయినది. జావా విద్వాంసుల మూలమున పోయి సమాసములందు సుఖముగా నున్నది. రెండు భాషలు వచ్చినవాడు ద్విబహస. ఎఱుపు తెలుపుల ఇండొనేసియా పతాకకు ద్వివర్ణ యను పేరు గలదు. ఏకముగా మెలగు ఇరువురిని ద్వితుంగల్ అందురు. తుంగల్ అనగా నొక్కటి యను దేశ్యము, దాని ముందు సంస్కృతము. కెడుకన్ బుకిత్ శాసనమున దేశ్యపు దువ సంస్కృతపు లక్ష కంటుకొన్నది; ఇక్కడ సంస్కృతపు ద్వి దేశ్యపు తుంగల్ కంటుకొన్నది. సంతలో కోడిగ్రుడ్లు లెక్కించునపుడు మాత్రము అచట నెవ్వరును ద్వి యనరు. సాతు, దువ, తిగ యనియే లెక్కింతురు.